కోచ్ ఇంటి ముందు బోర్డు

కొత్తగా రంగు వేసిన గోడ కనిపిస్తే వసంతలక్ష్మికి ముందు అనుమానం కలుగుతుంది, ముచ్చట ఆ తర్వాత. ఇల్లంతా వెలిసిపోయి ఉండి, ఒక్క మూల మాత్రం తెల్లగా మెరుస్తుంటే, తిన్నగా అక్కడికి వెళ్ళి వేలి కణుపుతో తట్టి చూస్తుంది. వెనక చెమ్మ ఉందా, పగులుందా, పాత పైపేదైనా కారిందా అని. ఇళ్ళు అమ్మిపెట్టే పనిలోకి వచ్చి పదేళ్ళు దాటినా ఈ తట్టడం మానలేదు. పైగా ఇళ్ళతో మొదలైన అలవాటు మనుషుల మీదికి కూడా పాకింది. ఎవరైనా అవసరానికి మించి నవ్వినా, అడక్కుండానే మేలు చేస్తానన్నా, ఆమె మనసులో ఆ వేలు టకటకమంటుంది. భర్త మనోహర్ దీన్ని రోగం అంటాడు. ఇది కూడు పెడుతున్న విద్య అంటుంది ఆమె.

నిజానికి ఆ విద్యకి గురువు మనోహర్ ఉద్యోగమే. డాలస్ పక్కన రిచర్డ్‌సన్‌లో టెలిఫోన్ పరికరాలు తయారుచేసే కంపెనీలో ఉండేవాడు. 2001లో ఒక శుక్రవారం ఆ కంపెనీ పెద్దలు అందరికీ పిజ్జాలు తెప్పించి, మనమంతా ఒక కుటుంబం అని ఉపన్యాసం ఇచ్చారు. మరుసటి వారం సగంమందిని ఇంటికి పంపేశారు. ఆ పిజ్జా చాలా బాగుందని మనోహర్ ఇప్పటికీ అంటాడు. దేశాలు తిరిగినవాళ్ళకి తెలుసు, ఏ దేశంలోనైనా ఆకస్మికంగా భోజనం పెట్టే యజమానిని చూసి జాగ్రత్తపడాలి. ఏలూరులో బి.ఇడి. చదివి, అమెరికా వచ్చాక ఏడేళ్ళు ఇంటిపట్టున ఉన్న వసంతలక్ష్మి ఆ చలికాలమే రియల్ ఎస్టేట్ లైసెన్సు పరీక్షకి కూచుంది.

అప్పుడు ఫ్రిస్కోలో వీధులకి వీధులు లేస్తున్నాయి. మనవాళ్ళు వంటింట్లో దిక్సూచి పట్టుకుని ఎందుకు గుండ్రంగా తిరుగుతున్నారో అమెరికన్ ఏజెంట్లకి అంతు పట్టేది కాదు. వసంతలక్ష్మికి చెప్పక్కర్లేదు. తూర్పు వాకిలి, ఆగ్నేయంలో పొయ్యి, ఈశాన్యం బరువు లేకుండా ఉండాలి. అలా పేరొచ్చింది. ఫ్రిస్కో నిండాక మనవాళ్ళు ఉత్తరంగా, మొన్నమొన్నటిదాకా పత్తి పండిన కాటన్ హిల్ అనే ఊరికి జరిగారు. ఆమె కూడా జరిగింది.

కాటన్ హిల్‌కి రెండు గుళ్ళు అంటాడు మనోహర్. ఒకటి చర్చి. రెండోది హైస్కూలు ఫుట్‌బాల్ స్టేడియం. అది మనకి తెలిసిన ఫుట్‌బాల్ కాదు. తలకి హెల్మెట్లు, భుజాలకి మెత్తలు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట. బడిపిల్లల ఆటకి ఊళ్ళో సగం జనం వస్తారు. అక్కడి తెలుగువాళ్ళకి ఆ ఆట గురించి తెలిసింది ఒక్కటే, శుక్రవారం సాయంత్రం ఆ రోడ్డు మీదికి వెళ్ళకూడదని.

ఆ జట్టుకి హెడ్ కోచ్ రాన్ మెక్‌కేబ్. ఆయన కింద డిఫెన్సివ్ కోఆర్డినేటర్ డేల్ హారిగన్. అంటే అవతలివాళ్ళు ముందుకు రాకుండా ఆపే ఎత్తుగడలన్నీ వేసే మనిషి. ఈ ఉద్యోగం కాస్త ఆలోచించదగ్గది. వేసిన పాయింట్లకి పేరుంటుంది, ఫోటో ఉంటుంది. వేయనివ్వని పాయింట్లకి ఏమీ ఉండదు. కోట గోడ కట్టించిన రాజు పేరు శాసనంలో ఉంటుంది గానీ, ఆ గోడ మీద నిలబడి వందేళ్ళు శత్రువుని రానివ్వని కాపలావాళ్ళ పేర్లు ఏ రాయి మీదా కనిపించవు. కోట పడిపోయిన రోజు మాత్రం, ఆ పూట కాపలా ఎవరిదని అందరూ వెతుకుతారు.

2012 అక్టోబరులో మెక్‌కేబ్ నుంచి వసంతలక్ష్మికి ఫోన్ వచ్చింది. అంతకు కొన్నేళ్ళ క్రితం అతని ఇల్లు కొనిపెట్టింది ఆమే. మా డేల్‌కి నీతో పని పడింది అన్నాడు. డేల్ వాళ్ళ అత్తగారికి మతిమరుపు ముదిరింది, మెట్ల మీద ఎక్కడ పడిపోతుందో అని భయంగా ఉంది, ఉన్న మేడ ఇల్లు అమ్మేసి ఇదే ఊళ్ళో మెట్లు లేని ఇల్లు చూసుకుంటాడు, కాస్త సాయం చెయ్యి అన్నాడు. అంతా గుట్టుగా జరగాలి, ఆటల సీజను అయ్యేదాకా బోర్డు పెట్టొద్దు అని కూడా అన్నాడు.

ఆ చివరి మాట ఆమెకి చెప్పక్కర్లేదు. మన జిల్లాల్లో కలెక్టరు బంగళా ముందు సామాన్ల లారీ ఆగితే బదిలీ అయిందని బజారులో ఎలా అనుకుంటారో, టెక్సాస్‌లో కోచ్ ఇంటి ముందు అమ్మకం బోర్డు కనిపిస్తే ఆయన వేరే ఊరి జట్టుకి పోతున్నాడని అలా అనుకుంటారు. మర్నాడు డేల్ వచ్చి అదే మాట మళ్ళీ చెప్పాడు. పొడుగ్గా, మాటలు కొలిచి మాట్లాడే మనిషి. ఫైనల్ అయ్యేదాకా బోర్డు వద్దు అన్నాడు. ఆమె మాటిచ్చింది.

కొనేవాళ్ళు ఇట్టే దొరికారు. శశికాంత్, దేదీప్య అనే సాఫ్ట్‌వేర్ దంపతులు. వాళ్ళ పాత టౌన్‌హౌస్ కూడా కాటన్ హిల్‌లోనే, నాలుగు వీధుల అవతల. దాన్ని అప్పుడే అమ్మిపెట్టింది వసంతలక్ష్మి. కొన్నవాళ్ళు జనవరి దాకా వీళ్ళనే ఉండమన్నారు. దేదీప్య తండ్రి వీరాంజనేయులు గుంటూరు నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చి ఉన్నాడు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. డేల్ ఇంటి నాలుగు మూలలూ అడుగులతో కొలిచి, తూర్పు వాకిట్లో నిలబడి, ఈ తెల్లవాడికి వాస్తు ఎవరు చెప్పారమ్మా అని ఆశ్చర్యపోయాడు. అయితే ఒక షరతు పెట్టాడు. ధనుర్మాసం వచ్చేలోగా అగ్రిమెంటు అయిపోవాలి, వచ్చాక నెల్లాళ్ళు మంచి రోజు లేదు. కేశవరావు అనే ఇంకో తెలుగు ఏజెంటు, ఎలా పసిగట్టాడో గానీ, తన మనుషుల్ని వెంటేసుకుని తెల్లకారులో అదే ఇంటి చుట్టూ తిరుగుతున్నాడని వినికిడి. సంతకాలు తొందరగానే అయ్యాయి. సంగతి ఊళ్ళోకి మాత్రం పొక్కలేదు. డేల్ జట్టు గెలుస్తూ గెలుస్తూ రాష్ట్ర ఫైనల్ దాకా వెళ్ళింది.

ఫైనల్ శనివారం. గురువారం పొద్దున్న వసంతలక్ష్మి కాఫీ కలుపుకుంటుంటే డేల్ ఫోన్ చేశాడు. గొంతులో కోపం లేదు, అదే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

“వసంతా, నాకు మాటిచ్చావు కదా” అన్నాడు.

ఆమె కారెక్కి వెళ్ళేసరికి, డేల్ ఇంటి ముందు పచ్చికలో తన మొహమే తనని చూసి నవ్వుతోంది. ఆ దేశంలో ఏజెంట్ల బోర్డుల మీద ఏజెంటు ఫోటో ఉంటుంది. కింద పేరు, నంబరు, పైన ఎర్రక్షరాలతో ‘సోల్డ్’ అన్న పట్టీ. ఇనుప కాళ్ళు రెండూ మట్టిలో గట్టిగా దిగి ఉన్నాయి. రెండు చేతులతో పెరికి, మట్టితో సహా కారు వెనక పడేసింది. అప్పటికే స్కూలు బస్సు ఆ వీధిలోంచి పోయింది. పిల్లల ఫోన్లలోంచి ఫోటోలు పాకాయి. మధ్యాహ్నానికల్లా ఊరి ఫుట్‌బాల్ ఫోరంలో, ఫేస్‌బుక్‌లో, మంగలి షాపులో, అంతటా ఆమె నవ్వే.

డేల్ అమ్ముడుపోయాడని ఒకరు రాశారు. ఫైనల్లో ఎదుటి జట్టు హ్యూస్టన్ దగ్గరి ఊరిది. అక్కడ అతనికి అప్పుడే పెద్ద ఉద్యోగం ఖాయమైందని మరొకరు. అక్కడ చెరువు పక్కన ఇల్లు కూడా కొన్నాడు, నా బావమరిది చూశాడు అని ఇంకొకరు. అనుమానం విచిత్రమైన జంతువు. మేత వెయ్యకపోయినా బలుస్తుంది, వేస్తే మాత్రం కొమ్ములు మొలుస్తాయి.

శనివారం ఆర్లింగ్టన్‌లో పెద్ద స్టేడియంలో ఆట. వసంతలక్ష్మి జీవితంలో మొదటిసారి ఆ ఆట చివరిదాకా టీవీలో చూసింది. మనోహర్ పక్కన కూచుని తనకి తెలియని రూల్స్ కూడా వివరించాడు. ఆఖర్లో కాటన్ హిల్ కాస్త ముందంజలో ఉంది. బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకోవలసిన చోట, మెక్‌కేబ్ పంతానికి పోయి పిల్లల్ని ముందుకే తోసుకుపొమ్మన్నాడు. అంగుళం కూడా జరగలేదు. ఆట రూలు ప్రకారం బంతి అక్కడికక్కడే, కాటన్ హిల్ గుమ్మం ముందే, ఎదుటివాళ్ళ చేతికి పోయింది. డేల్ తయారుచేసిన కుర్రాళ్ళు రెండుసార్లు ఆపారు. మూడోసారి ఆపలేకపోయారు. ఓడిపోయారు.

సోమవారం, క్రిస్మస్‌కి ముందు రోజు, డిఫెన్సివ్ కోఆర్డినేటర్ని బాధ్యతల నుంచి తప్పించారని వార్త వచ్చింది. ఊరి పత్రికలో మెక్‌కేబ్ మాటలు వేశారు. కీలకమైన వారంలో పిల్లల మనసు చెదిరింది అన్నాడు. ఆ ఇంటి సంగతి అందరికీ ఎప్పుడు తెలిసిందో నాకూ అప్పుడే తెలిసింది, బాధపడ్డాను అన్నాడు.

వసంతలక్ష్మి ఆ వాక్యం మళ్ళీ చదివింది. అక్టోబరులో ఫోన్ చేసి, అత్తగారి మెట్ల సంగతి దగ్గర్నుంచి చెప్పిన మనిషి అతనే కదా? ఆమె మనసులో వేలు టకటకమంది. కానీ ఆ గోడ తట్టే ముందు ఇంకో ప్రశ్న అడ్డం వచ్చింది. ఆ బోర్డు ఎవరు పెట్టారు?

మొదట కేశవరావుని అనుమానించింది. ఇల్లు చేజారిందన్న ఉక్రోషంతో తన పరువు తీయడానికి చేశాడేమో. తెలుగు సంఘం విందులో మాట్లాడుతూ ఆరా తీసింది. అతను సమోసా నములుతూ, నీ బోర్డు నాకెక్కణ్ణుంచి వస్తుంది వదినా అన్నాడు. సమంజసంగానే ఉంది. సమంజసంగా ఉన్న జవాబుల మీద ఆమెకి మరీ అనుమానం. తర్వాత మెక్‌కేబ్‌నే అనుమానించింది. ఓడితే నెపం వెయ్యడానికి ముందే ఏర్పాటు చేసుకున్నాడా? తర్వాత డేల్‌నే అనుమానించింది. నిజంగానే వేరే ఊరి కొలువు చూసుకుని, మెట్ల కథ చెప్పాడా? ఆఖరికి మనోహర్ గరాజ్‌లో ఏదో వెతుకుతుంటే, ఏమండీ, నా బోర్డులు మీరేమైనా కదిపారా అని అడిగింది. అతను చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు.

“వసంతా, ఇంక మిగిలింది నువ్వే. నిద్రలో నడిచి పెట్టొచ్చావేమో కనుక్కో” అన్నాడు.

క్రిస్మస్ దాటాక మెక్‌కేబ్ ఫోన్ చేశాడు. ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. పాపం ఆ బోర్డు గొడవలో నీ పేరు నలిగింది, నాకు బాధగా ఉంది అన్నాడు. కొత్త ఏడాది స్కూలుకి కొత్త కోచ్‌లు, టీచర్లు వస్తున్నారు, ఇళ్ళు కావాలంటారు, అందరికీ నీ పేరే చెప్పాను అన్నాడు. పాత విషయాలు తవ్వుకోవడం ఎవరికీ మంచిది కాదు కదా అని నవ్వాడు. ఆ నవ్వులో ఎక్కడా పాత మరక లేదు. అంత కొత్తగా ఉంది.

అయినా ఏమీ చెయ్యలేదు. కొత్త టీచర్ల ఇళ్ళు, ఊళ్ళో పేరు, డేల్ ఇంటి రిజిస్ట్రేషన్ ఇంకా కాకపోవడం, ఇవన్నీ కళ్ళముందు ఆడాయి. డేల్ మాత్రం స్కూళ్ళకి దరఖాస్తులు పెట్టుకుంటున్నాడని, ఫైనల్ ముందు అమ్ముడుపోయిన మనిషి అన్న ముద్ర చూసి ఎవరూ పలకడం లేదని వింది. మెట్లు లేని ఇల్లు కొనే ఆలోచన విరమించుకున్నాడు. ఉద్యోగం లేనివాడికి బ్యాంకు ఏం ఇస్తుంది?

జనవరిలో ఒక రోజు కారు సర్దుతుంటే వెనక పడి ఉన్న ఆ బోర్డు చేతికి తగిలింది. ఇనుప కాళ్ళకి ఎండిన మట్టి. ఒక కాలు మోకాలి దగ్గర వంగి ఉంది. ఆ వంపు ఆమెకి తెలుసు. టౌన్‌హౌస్ అమ్మకానికి పెట్టినప్పుడు శశికాంత్ కారు వెనక్కి తీస్తూ దాన్ని గుద్దాడు. అమ్మకం అయ్యాక బోర్డు వాళ్ళ గరాజ్‌లోనే ఉండిపోయింది, తీరికగా తెచ్చుకుందామని తను మరిచిపోయింది.

వెంటనే వాళ్ళింటికి వెళ్ళింది. దేదీప్య ఉప్మా చేస్తోంది. శశికాంత్ పైన ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. వీరాంజనేయులు సోఫాలో మఫ్లరు చుట్టుకుని తెలుగు చానల్ చూస్తున్నాడు. వసంతలక్ష్మి ముందు దేదీప్య మొహం చూసింది. ఏ మార్పూ లేదు. గరాజ్‌లో బోర్డు ఏమైంది అని అడిగింది. దేదీప్య నోరు తెరిచేలోగా పెద్దాయన టీవీ శబ్దం తగ్గించాడు.

“నేనే పెట్టానమ్మా. పొద్దున్నే వాకింగ్‌కి పోతూ చంకన పెట్టుకుపోయి పాతి వచ్చాను. చలి ముదిరి మళ్ళీ అటు పోలేదు. ఏం, వంకరగా ఉందా?”

ఎందుకు పెట్టారు బాబాయిగారూ అని వసంతలక్ష్మి అడిగింది.

“ఎందుకేంటమ్మా? అగ్రిమెంటయి ఇన్ని రోజులైంది, స్థలం మీద బోర్డు లేదు. వాడెవడో తెల్లకారులో వచ్చి ఆ ఇంటి ముందు ఆగి చూసి పోతున్నాడు. మన తెలుగువాడే. ఆ చూపు నాకు తెలీదూ?”

తర్వాత గోరంట్ల స్థలం కథ చెప్పాడు. రిటైరైన ఏడాది గుంటూరు పక్కన స్థలం కొన్నాడు. బోర్డు పెట్టమని బావమరిది నెత్తీనోరూ బాదుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఉంది కదా అని ఈయన ధీమా. వేసవి దాటి వెళ్ళేసరికి ఆ స్థలంలో రేకుల షెడ్డు, ఇంకెవరిదో పేరుతో పెద్ద బోర్డు. కేసు ఇప్పటికీ నడుస్తోంది. జడ్జీలు మారుతున్నారు, వాయిదాలు మారుతున్నాయి, షెడ్డు మాత్రం మారలేదు, పైగా దానికి కరెంటు కూడా వచ్చింది.

ఆంధ్రదేశంలో ఏ ఊరి శివార్లకి పోయినా ఈ బోర్డులే కనిపిస్తాయి. ఈ స్థలము ఫలానా వారిది, అతిక్రమించినవారు శిక్షార్హులు. పంట వేసినట్టు బోర్డులు వేస్తారు. అక్కడ బోర్డు అంటే ఇది నాది, నేను ఎక్కడికీ పోను అని చెప్పడం. అమెరికాలో అదే బోర్డు నేను పోతున్నానని చెబుతుంది. వీరాంజనేయులు గుంటూరు బోర్డు పట్టుకెళ్ళి టెక్సాస్ పచ్చికలో పాతాడు.

వసంతలక్ష్మి జరిగిందంతా చెప్పింది. ఆయనకి ఫైనల్ సంగతి తెలీదు, డేల్‌ని ఉద్యోగంలోంచి తీసేసిన సంగతి తెలీదు. వింటూ వింటూ మఫ్లరు మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“నా మూలంగానా? ఆ అబ్బాయికి పిల్లలా?”

ఇద్దరు అంది ఆమె. అత్తగారి సంగతి కూడా చెప్పింది.

“మరి ఎవరితో చెప్పాలి? ఈ ఊళ్ళో పెద్దమనుషులెవరన్నా ఉన్నారా?”

స్కూళ్ళ వ్యవహారం చూసే ట్రస్టీలు నెలకోసారి కూచుంటారని, ఊళ్ళో ఎవరైనా వెళ్ళి కాసేపు మాట్లాడవచ్చని వసంతలక్ష్మి చెప్పింది. వింటారు గానీ జవాబివ్వరు, చట్టం అలా ఉంది అంది. జవాబు నాకేం అక్కర్లేదన్నాడు ఆయన. అప్పటికి శశికాంత్ కాల్ ముగించుకుని దిగి వచ్చాడు. సంగతి విని మెట్ల మీదే కూలబడ్డాడు.

“మామయ్యా, ప్లీజ్. ఇది ట్రెస్‌పాసింగ్ అవుతుంది. మా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఇంటి రిజిస్ట్రేషన్ అయ్యేదాకా ఎవ్వరూ ఏం మాట్లాడొద్దు. ఆంటీ, మీరైనా చెప్పండి.”

“నాన్నా, మీ వీసాకి కూడా ప్రాబ్లం అవుతుందేమో” అంది దేదీప్య.

“నా వీసాకేం? ఏప్రిల్‌లో ఎలాగూ పోతాను. ఇంకో నాలుగు రోజులు ముందు పొమ్మంటారు, అంతేగా. అక్కడ షెడ్డువాడు నా మీద బెంగపెట్టుకుని ఉంటాడు” అన్నాడు ఆయన.

వసంతలక్ష్మి నవ్వలేదు. ఇంటికి వచ్చాక ఆమెకి తన మీదే అనుమానం మొదలైంది. పెద్దాయన నిజం చెబితే బోర్డు గుట్టు తేలిపోతుంది. తన మాట నిలబడుతుంది, పేరు కడుక్కుంటుంది. అక్టోబరు ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు. మెక్‌కేబ్‌కీ ఇబ్బంది లేదు, కొత్త టీచర్లకీ ఇళ్ళు దొరుకుతాయి. అందరికీ బాగుంది, ఒక్క డేల్‌కి తప్ప. బోర్డు ఎవరో ముసలాయన పెట్టాడు సరే, కానీ పై అధికారికి చెప్పకుండా ఇల్లు అమ్ముకున్నాడుగా అన్న మాట అతని వెంటే ఏ ఊరైనా వెళ్తుంది. ముసలాయన్ని ముందు నిలబెట్టి తను వెనక దాక్కోబోతోందా? ఈ ప్రశ్న మనోహర్‌ని అడగలేదు. అడిగితే జవాబు చెబుతాడని భయం.

ట్రస్టీల సమావేశం రోజు చలిగాలి. హాలు సగం నిండింది. మెక్‌కేబ్ జట్టు జాకెట్ తొడుక్కుని ముందు వరసలో కూచున్నాడు. డేల్ వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. వస్తే మంచిదని వసంతలక్ష్మే కబురు చేసింది, ఎందుకో చెప్పలేదు. శశికాంత్ రాలేదు. పెద్దాయన అల్లుడి కోటు వేసుకున్నాడు, దాని చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. మైకు ముందుకు వెళ్ళి, ట్రస్టీలందరికీ వరసగా, ఎవర్నీ వదలకుండా నమస్కారం పెట్టాడు. ఇచ్చిన సమయంలో కొంత దానికే పోయింది. పక్కన నిలబడి వసంతలక్ష్మి ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పసాగింది.

“అయ్యా, నా పేరు వీరాంజనేయులు. ఆ బోర్డు పెట్టింది నేను. మా ఊళ్ళో కొన్న స్థలానికి బోర్డు పెట్టకపోతే ఎవరో వచ్చి కూచుంటారు, నాకు ఒకసారి జరిగింది. ఇక్కడ దానికి వేరే అర్థం ఉందని నాకు తెలీదు. ఆ అబ్బాయి పెట్టొద్దన్నాడని కూడా తెలీదు. తప్పు నాది. శిక్ష అతనికి వేశారు.”

హాల్లో గుసగుసలు లేచాయి. ఒకరిద్దరు నవ్వారు, ఎగతాళిగా కాదు. మెక్‌కేబ్ తల ఊపుతున్నాడు. జాలిగా, నిదానంగా, అందరికీ కనబడేటట్టు ఊపుతున్నాడు. పాపం ఎంత పొరపాటు జరిగింది అన్నట్టు గుండె మీద చెయ్యి కూడా వేసుకున్నాడు. మోసపోయినవాళ్ళలో తనూ ఒకడైనట్టు. వసంతలక్ష్మి ఆ చెయ్యి వంక చూసింది. పెద్దాయన చెప్పడం అయిపోయింది, ఇంక వెళ్దామన్నట్టు పక్కకి జరిగాడు. మైకు ఖాళీగా ఉంది.

అదే గొంతుతో, అనువాదం ఇంకా కాస్త మిగిలి ఉన్నట్టుగా, ఆమె ఇంకో రెండు వాక్యాలు చెప్పింది. ఇల్లు అమ్ముతున్న సంగతి హెడ్ కోచ్‌కి అక్టోబరు నుంచే తెలుసు. నాకు ఫోన్ చేసి, బోర్డు పెట్టకుండా గుట్టుగా అమ్మమని చెప్పింది ఆయనే.

మెక్‌కేబ్ చెయ్యి గుండె మీదే ఉండిపోయింది. తల ఊగడం ఆగింది. ట్రస్టీల అధ్యక్షురాలు, ఉద్యోగుల పేర్లు ఎత్తకూడదని, సమయం అయిపోయిందని చెప్పింది. అప్పటికి చెప్పవలసింది అయిపోయింది. పత్రిక నుంచి వచ్చిన అమ్మాయి తల వంచుకుని వేగంగా రాసుకుంటోంది.

బయట పార్కింగ్‌లో పెద్దాయన కోటు బొత్తాలు పెట్టుకుంటూ ఆగాడు.

“అమ్మాయీ, నేను చెప్పింది తక్కువ, నువ్వు చెప్పింది ఎక్కువ ఉన్నట్టుంది. అక్టోబరు అన్నావు. నేను అక్టోబరు అనలేదే.”

“అనలేదండీ. అది నాది.”

“నాకేమన్నా చుట్టుకుంటుందా?”

“లేదు. నాకే.”

ఆయన ఒక క్షణం ఆమె మొహంలోకి చూసి, మంచిది అన్నాడు. అంతలో డేల్ వచ్చాడు. ముందు పెద్దాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. ఆయన సారీ సారీ అంటుంటే భుజం తట్టాడు. తర్వాత వసంతలక్ష్మి వైపు తిరిగాడు. అతని కళ్ళలో కృతజ్ఞత ఉంది, దానితోపాటు ఇంకోటి కూడా ఉంది. ఆమె రోజూ అద్దంలో చూసుకునే చూపు అది.

“ఈ మాట ఆ సోమవారమే చెప్పి ఉండొచ్చుగా” అన్నాడు.

“భయపడ్డాను.”

నేనూ అంతే అన్నాడు డేల్. రాన్ మెక్‌కేబ్‌కి తెలుసని తనకీ తెలుసు, కానీ అతను రాసిచ్చే సిఫారసు మాట లేకపోతే ఎక్కడా ఉద్యోగం రాదని నోరు మూసుకున్నానన్నాడు. మూసుకుంటే ఆ మాట రాస్తానని రాన్ ఒప్పుకున్నాడట, ఇప్పటిదాకా రాయలేదట. అమరిల్లో అనే ఊరి వైపు ఒక స్కూలువాళ్ళు తనని పిలవాలా వద్దా అని తటపటాయిస్తున్నారని, ఈ సమావేశాల రికార్డింగు మర్నాడు అందరికీ దొరుకుతుందని, అదే వాళ్ళకి పంపిస్తానని చెప్పాడు. ఇంక సిఫారసు అక్కర్లేదు అన్నాడు. ఆమెతో చెయ్యి కలపలేదు. తల మాత్రం పంకించి తన ట్రక్కు వైపు వెళ్ళిపోయాడు.

వసంతలక్ష్మి పెద్దాయన్ని కారెక్కించుకుని రోడ్డు మీదికి వచ్చింది. ఎర్ర దీపం దగ్గర ఆగగానే కార్‌లో ఫోన్ మోగింది. తెర మీద మెక్‌కేబ్ పేరు. మోగనిచ్చింది. ఆగింది. మళ్ళీ మోగింది.

వీరాంజనేయులు ఆ పేరు కూడబలుక్కుని చదివాడు. ఇందాక గుండె మీద చెయ్యేసుకున్నవాడేనా అని అడిగాడు. అవునంది.

“తియ్యమ్మా. నువ్వు తెలుగులో తిట్టు, ఈసారి అనువాదం నేను చేస్తాను.”

దీపం పచ్చగా మారింది. వసంతలక్ష్మి కారు పక్కకి తీసి ఆపి, ఫోన్ ఎత్తి, చెప్పండి కోచ్ అంది.